ఆ మెషీన్‌కి చేతకానిదేమిటో ముందే చెప్పు నాయనా

చిన్నా,

బెంగుళూరులో మీ సెంటర్ జనానికి తలుపులు తెరిచిన ఓపెన్ డే చూసుకుని అందరం క్షేమంగా కావలి చేరాం. మా బడి పిల్లల్ని ఎవరి ఊరికి వాళ్లని ఆటోలూ బస్సులూ ఎక్కించి నేను ఇల్లు చేరేసరికి మీ నాన్న అన్నం వండి, చారు కాచి పెట్టి ఉన్నారు. ఈ సంగతులన్నీ ఫోన్‌లో చెప్పొచ్చు గానీ మధ్యలో నీకు ల్యాబ్ నుంచి పిలుపొస్తే సగంలో తెగిపోతుంది, నేను చెప్పాల్సిందేమో చాలా ఉంది. అందుకని రాస్తున్నా, తీరిగ్గా చదువు.

అసలు సంగతి ముందే చెప్పేస్తా. వచ్చే ఏడు మీ సెంటర్‌లో ఓపెన్ డే పెట్టినప్పుడు, నీ స్టాల్ దగ్గరికి వచ్చినవాళ్లకి, పరమాణువుల లోకపు నియమాలతో లెక్కలు చేసే ఆ క్వాంటమ్ కంప్యూటర్‌కి ఇవాళ చేతకానిదేమిటో ముందు చెప్పు, ముందుముందు ఏం సాధిస్తుందో తర్వాత చెప్పు. ఈసారి ఆ మాట జనం గుచ్చి అడిగితేనే బయటికొచ్చింది. అడిగాక మాత్రం నువ్వు ఏదీ దాచలేదు, తడబడలేదు, అది చూసి నాకు కడుపు నిండిపోయింది. మా పిల్లలు రైల్లో తిరిగొచ్చేటప్పుడు నిద్ర మానుకుని మాట్లాడుకున్నది ఆ జవాబుల గురించే. అందుకే ఈ ఉత్తరం.

హాల్లో అడుగుపెట్టగానే ఎదురుగా వేలాడదీసిన ఆ బంగారు రంగు యంత్రం దగ్గర ఎంత గుంపు ఉందో నువ్వూ చూశావు. ఒకదాని కింద ఒకటి రాగి పళ్లేలు, వాటికి బంగారు పూత, మధ్యలో మెలికలు తిరిగిన సన్నటి కేబుళ్లు. అదే కంప్యూటర్ అనుకుని అందరూ దాని పక్కన నిలబడి సెల్ఫీలు దిగారు. నువ్వొచ్చి, "ఇది కంప్యూటర్ కాదండీ, దాన్ని చల్లగా ఉంచే ఫ్రిజ్. మూతలన్నీ తీసి పెట్టాం కాబట్టి ఇప్పుడు పనిచేయట్లేదు. పనిచేస్తున్నది పక్కగదిలో తెల్లటి డబ్బా లోపల ఉంది, చిక్ చిక్ మని శబ్దం వినపడుతోందే, అదీ" అన్నప్పుడు కొంతమంది మొహాలు చిన్నబోయాయి గానీ మా పిల్లలు మాత్రం ఆ గది కిటికీ దగ్గరికి పరుగెత్తారు. అసలు చిప్ వేలి గోరంత ఉంటుందనీ, దాన్ని అన్నిటికంటే కింది పళ్లేనికి బిగిస్తారనీ, పైనున్న సరంజామా అంతా ఆ గోరంత ముక్క కోసమేననీ తెలిసేసరికి వాళ్ల చూపే మారిపోయింది. ఒకడు, "అయితే ఇంత పెద్ద ఫ్రిజ్ ఎందుకు టీచర్?" అని నన్నడిగాడు. నేను నీ వైపు చూపించా.

నువ్వు చెప్పిన ఆ జవాబు నాకు భలే నచ్చింది, అందుకే ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతున్నా. చిప్ ఉండే చోట ఉష్ణోగ్రత దాదాపు 10 మిల్లీకెల్విన్, అంటే అంతకంటే చల్లదనమే లేని హద్దు మైనస్ 273.15 డిగ్రీల కంటే ఒక డిగ్రీలో నూరో వంతు మాత్రమే పైన. చుక్కల మధ్యనున్న ఖాళీ అంతరిక్షం కూడా 2.7 కెల్విన్ ఉంటుంది, ఆ లెక్కన మీ డబ్బా అడుగు భాగం దానికంటే ఎన్నో రెట్లు చల్లన. మే నెలలో 44, 45 డిగ్రీల ఎండలో తిరిగే పిల్లలకి ఈ అంకెలు వింటుంటే ఎలా ఉంటుందో ఊహించుకో. క్యూబిట్‌తో, అంటే ఆ చిప్ మీద లెక్క చేసే చిన్న సర్క్యూట్‌తో, మాట్లాడేది మైక్రోవేవ్ తరంగాలతో, అవి సుమారు 5 గిగాహెర్ట్జ్‌లో ఉంటాయని చెప్పావు కదా. ఇంటికొచ్చాక కాగితం తీసుకుని ప్లాంక్ స్థిరాంకాన్ని ఆ ఫ్రీక్వెన్సీతో గుణించి బోల్ట్‌జ్‌మాన్ స్థిరాంకంతో భాగించి చూశా. 0.24 కెల్విన్ వచ్చింది, అంటే వేడికి ఆ సిగ్నల్ అంత బలం వచ్చే ఉష్ణోగ్రత. చుట్టూ ఉన్న వేడి అంతకంటే బాగా తక్కువ లేకపోతే, మీరు పంపిన సిగ్నల్ ఏదో, వేడి వల్ల పుట్టిన సిగ్నల్ ఏదో క్యూబిట్‌కి ఒకటే అవుతుంది. తిరణాలలో నాలుగు వైపులా మైకులు మోగుతుంటే పక్కమనిషి గుసగుస వినబోయినట్టే. ఇంత చల్లదనం దేనికో ఒక్క లెక్కతో తేలిపోయింది, మన పదో తరగతి పిల్లలు కూడా చేయగల లెక్క. దీన్ని ఆ బోర్డు మీద ఎందుకు రాయలేదు నాయనా? ఆ ఫ్రిజ్ ఖరీదెంత, ఎక్కడి నుంచి తెప్పించారు అన్నవి రాసిన చోట ఈ లెక్క రాసి ఉంటే, చదువుకున్న ప్రతి పిల్లా దాన్ని నోట్సులోకి ఎక్కించుకుని పోయేది.

రెండు రకాల హీలియం, హీలియం-3, హీలియం-4 కలిపి చల్లబరిస్తే ఒక దశ తర్వాత రెండు పొరలుగా విడిపోతాయనీ, పై పొరలోంచి కింది పొరలోకి హీలియం-3 దాటేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని లాగేసుకుంటుందనీ నువ్వు చెప్తుంటే బిట్రగుంట పిల్లాడు ఒకడు అసలు వినలేదు, గమనించావా? వాడి చూపంతా పక్కనున్న వాల్వుల ప్యానెల్ మీదే. వాళ్ల నాన్న రైల్వేలో ఫిట్టర్. "ఇది లీకైతే ఎవరు బాగుచేస్తారన్నా?" అని అడిగాడు. నువ్వు వెంటనే వెళ్లి మీ టెక్నీషియన్ గారిని పిలుచుకొచ్చావు, ఆయన వాడికి హీలియం లీక్ డిటెక్టర్ చూపించి, జాయింట్ల చుట్టూ గ్యాస్ ఊది ఎక్కడ సందుందో ఎలా కనిపెడతారో చేసి చూపించారు. ఆయనకి నా తరఫున మరీ మరీ చెప్పు. పీహెచ్‌డీ చేస్తేనే ఆ గదిలోకి పోవచ్చు అనుకునే పిల్లలకి, పైపులు బిగించేవాళ్లు, ఎలక్ట్రానిక్స్ చేసేవాళ్లు, ప్రోగ్రాములు రాసేవాళ్లు లేకపోతే ఆ మెషీన్ ఒక్క రోజు కూడా నడవదని కళ్లారా చూడ్డం చాలా పెద్ద విషయం. ఆ పిల్లాడు రైల్లో నాతో, "టీచర్, ఐటీఐ చేసినా అక్కడికి పోవచ్చంట" అన్నాడు.

ఇక ఉలవపాడు పిల్ల సంగతి. మీ పెద్ద బోర్డు మీద "క్వాంటమ్ కంప్యూటర్ అన్ని జవాబుల్నీ ఒకేసారి ప్రయత్నిస్తుంది" అని రాసి ఉంది. అదే బోర్డుకి కింద ఒక మూల గ్రోవర్ పద్ధతి గురించి ఉంది, 10 లక్షల పేర్ల జాబితాలో ఒక పేరు వెతకాలంటే మామూలుగా సగటున 5 లక్షల సార్లు చూడాలి, గ్రోవర్ పద్ధతిలో అయితే దాదాపు 800 సార్లు చాలు అని. ఆ పిల్ల రెండూ చదివి, "అన్నా, అన్నీ ఒకేసారి చూసేటట్టయితే ఒక్కసారికే దొరకాలి కదా, 800 ఎందుకు?" అంది. నాకు ఒళ్లు పులకరించింది చిన్నా. తొమ్మిదో తరగతి పిల్ల, నాన్న తోటలో కాపలా ఉంటాడు, ఇంట్లో చదువు చెప్పే దిక్కు లేదు. ఆ బోర్డులో ఉన్న లొసుగుని అంత మందిలో ఆ పిల్ల ఒక్కతే పట్టుకుంది.

నువ్వు ఒక నిమిషం ఆగి, "బోర్డు మీద రాసింది సరిగ్గా లేదమ్మా, నీ ప్రశ్నే సరైనది" అన్నావు. ఆ మాట అనగలిగినందుకు నీ తల్లిగా ఎంత గర్వపడ్డానో చెప్పలేను. తర్వాత చెప్పిన వివరం ఇంకా బాగుంది. కొలిచినప్పుడు బయటికొచ్చేది ఒక్క జవాబే, మిగతావన్నీ పోతాయి, వాటిని చూసే దారి లేదు. అందుకని కొలవకముందే తప్పు జవాబులకి సంబంధించిన తరంగాలు ఒకదాన్నొకటి కొట్టేసుకునేలా, సరైన జవాబు తరంగాలు బలపడేలా మెల్లమెల్లగా తిప్పుకుంటూ రావాలి. ఒక్కో అడుగులో కొంచెమే తిప్పగలం, అందుకే అన్నిసార్లు పడుతుంది, అంతకంటే తక్కువలో ఎవరూ చేయలేరని గణితంలో నిరూపణ కూడా ఉంది. పైగా అలా తిప్పే ఉపాయం ప్రతి లెక్కకీ దొరకదు, ఇప్పటిదాకా దొరికినవి కొన్నే. ఇది విన్నాక ఆ పిల్ల, "అయితే ఇది అన్ని లెక్కల్నీ తొందరగా చేసే కంప్యూటర్ కాదు, కొన్ని లెక్కలకే పనికొస్తుంది" అంది. ఇంత సరిగ్గా చెప్పిన పెద్దవాళ్లని నేను చూడలేదు. గ్రోవర్ మన ఐఐటీ ఢిల్లీలో చదివిన మనిషనీ, 1996లో దీన్ని కనిపెట్టాడనీ నువ్వు చెప్పావు గానీ అప్పటికి ఆ పిల్ల నోట్సులో ఏదో గీసుకుంటోంది, విన్నట్టు లేదు.

దీని మీద నాదొక సలహా. మీ హాల్లో చివర్న, క్యాంటీన్‌కి పోయే దారిలో, లేజర్ వెలుతురుని రెండు సన్నటి చీలికల్లోంచి పంపించి గోడ మీద చారలు చూపించే బల్ల ఒకటి పెట్టారు. యంగ్ 1801 ప్రాంతంలో చూపించిన ప్రయోగం. ఒక చీలిక మూసి ఉన్నప్పుడు వెలుతురు పడ్డ చోట, రెండోది కూడా తెరిస్తే చీకటి పడుతుంది. వెలుతురికి వెలుతురు కలిస్తే చీకటేమిటి అని ఎవరైనా ఆగి చూడాల్సిన చోటు అది. కానీ అక్కడ జనమే లేరు, పాపం అక్కడి వాలంటీరు అమ్మాయి ఒక్కతే కూర్చుని ఉంది. ఆ బల్లని హాలు గుమ్మంలో పెట్టండి. ముందు అది చూసి, ఆ చీకటి చారల్ని మనసులో పెట్టుకుని లోపలికొచ్చిన మనిషికి తప్పు జవాబులు కొట్టుకుపోవడం అంటే ఏమిటో సగం తెలిసిపోయి ఉంటుంది, నీ గొంతు అంత నొప్పి పుట్టాల్సిన పనీ ఉండదు. నేను సోమవారం బడిలో లేజర్ పాయింటర్‌కి అడ్డంగా ఒక తలవెంట్రుక పెట్టి గోడ మీద చారలు చూపించా. పిల్లలు గోడకి అతుక్కుపోయారు, పక్క క్లాసు వాళ్లు కూడా వచ్చేశారు.

అల్లూరు నుంచి కూతుర్ని తీసుకుని మాతో వచ్చిన రైతు నీకు గుర్తుండే ఉంటాడు. ఆయన, "బాబూ, దీంతో మాకు ఒరిగేదేంటి?" అని అడిగాడు. మీ బోర్డు మీద ఎరువులు, మందులు అని రాసి ఉంది, అది చూపించి వదిలేయొచ్చు, కానీ నువ్వు వదల్లేదు. ఆయన పొలంలో పచ్చిరొట్టకి ఏం చల్లుతాడో అడిగావు. పిల్లిపెసర, జనుము అన్నాడు. వాటి వేళ్ల బుడిపెల్లో ఉండే బాక్టీరియా గాల్లోని నత్రజనిని మట్టి వేడికే, ఏ కొలిమీ లేకుండా మొక్కకి పనికొచ్చేలా మార్చేస్తుంది. అదే పని ఫ్యాక్టరీలో చేయాలంటే 400 డిగ్రీలు దాటిన వేడి, మామూలు గాలి ఒత్తిడికి వంద రెట్లకి పైగా ఒత్తిడి, దానికి తోడు సహజవాయువు కావాలి, మనం కట్టే యూరియా బస్తా వెనక ఉన్నది అదంతా. బాక్టీరియా ఆ పని ఏ ఎంజైముతో చేస్తుందో తెలుసు, దాని నడిమధ్యలో ఏడు ఇనుము పరమాణువులు, ఒక మాలిబ్డినం ఉన్న గుంపు ఉందనీ తెలుసు, అక్కడ ఎలక్ట్రాన్లు ఒకదానితో ఒకటి పెనవేసుకుని ఎలా నడుస్తున్నాయో పూర్తిగా లెక్కగట్టడం మాత్రం ఇప్పుడున్న సూపర్ కంప్యూటర్లకి చాలా కష్టం. ఎలక్ట్రాన్ల లెక్క ఎలక్ట్రాన్ల తీరులోనే నడిచే మెషీన్‌తో చేస్తే కుదరొచ్చు అన్నది ఆశ.

అంతవరకు ఎవరైనా చెప్తారు నాయనా. నువ్వు తర్వాత అన్నావు చూడు, "కానీ పెద్దాయనా, దానికి లక్షల క్యూబిట్లు కావాలి, ఇప్పుడున్న వాటిలో మహా అయితే వందలు, వెయ్యి చిల్లర. ఆ లెక్క తేలినా ఫ్యాక్టరీ వెంటనే మారదు, మీ యూరియా ధర ఈ పదేళ్లలో దీనివల్ల తగ్గుతుందని నేను చెప్పలేను" అని. ఆయన తలూపి, "నిజం చెప్పావు" అన్నాడు. చెప్పి వెళ్లిపోలేదు, ఆ తర్వాత చాలాసేపు అక్కడే నిలబడి పచ్చిరొట్ట దున్నే అదను గురించి, వేళ్ల బుడిపెలు ఏ వయసులో ఎక్కువుంటాయి అన్నదాని గురించి నిన్ను అడుగుతూనే ఉన్నాడు, నువ్వు తెలిసింది చెప్పి తెలియనిది రాసుకున్నావు. గొప్పలు మాత్రమే చెప్పి ఉంటే ఆయన ఒక దండం పెట్టి పక్క స్టాల్‌కి పోయేవాడు. మన పల్లెల్లో జనం పెద్ద పెద్ద మాటలు చాలా విని ఉన్నారు, చేతకాదని ఒప్పుకునే మనిషి కనపడితే అక్కడ నిలబడతారు.

క్వాంటమ్ కంప్యూటర్ వస్తే బ్యాంకు డబ్బులకి భద్రత ఉంటుందా అని టెన్షన్ పడి అడిగిన ఆ బెంగుళూరు ఆయన దగ్గర మాత్రం నువ్వు తొందరపడి, "ఇప్పట్లో భయం లేదు సార్" అని ఒక్క మాటతో పంపించేశావు. అప్పటికే క్యూ బయటిదాకా ఉంది, నాకు తెలుసు. కానీ ఆ విషయంలో చెప్పాల్సినవి రెండున్నాయి, రెండూ కలిపి చెప్తేనే నిజం. 1994లో పీటర్ షోర్ కనిపెట్టిన పద్ధతితో పెద్ద క్వాంటమ్ కంప్యూటర్ మన సమాచారాన్ని ఇతరులు చదవకుండా దాచే ఇవాళ్టి రహస్య సంకేతాల్లో, అంటే తాళాల్లో, కొన్నిటిని తెరవగలదు, మరి ఆ పెద్ద అంటే ఎంత? 2019లో ఒక గూగుల్ పరిశోధకుడు, ఒక స్వీడన్ పరిశోధకుడు కలిసి వేసిన అంచనా 2 కోట్ల క్యూబిట్లు, 8 గంటలు. 2025లో వాళ్లలోనే ఒకాయన మళ్లీ లెక్కేస్తే 10 లక్షల లోపు క్యూబిట్లతో వారం లోపు అని తేలింది. ఇవాళ్టి మెషీన్లకి అది ఇంకా చాలా దూరం, కానీ ఆ దూరం తగ్గుతూ వస్తోంది కూడా. అందుకే 2024 ఆగస్టులో అమెరికా ప్రమాణాల సంస్థ క్వాంటమ్ కంప్యూటర్‌కి కూడా లొంగవని నమ్ముతున్న కొత్త తాళాల్ని ప్రకటించింది, బ్యాంకులు, ఫోన్ కంపెనీలు వాటికి మారడం మొదలుపెట్టాయి. ఇవన్నీ నాకు రాత్రి భోజనాల దగ్గర నువ్వు చెప్పినవే కదా, ఆయనకి కూడా ఇంతే చెప్తే పోయేది. భయపెట్టడం తప్పే, ఉత్తుత్తి ధైర్యం చెప్పి పంపడం కూడా తప్పే.

తప్పుల గురించి కూడా జనానికి ముందే చెప్పు. ఇప్పుడున్న మంచి మెషీన్లలో కూడా రెండు క్యూబిట్లని కలిపి చేసే పనుల్లో వెయ్యికి ఒకటో రెండో తప్పుతాయనీ, పొద్దున్నే వచ్చి వాటిని సరిచూసుకోవడమే నీ పనిలో సగమనీ చెప్పావు కదా. అది విన్నప్పుడు ఒక పిల్ల, "మా బడి కంప్యూటర్ కూడా ఇన్ని తప్పులు చేయదు" అంది. చుట్టూ అందరూ నవ్వారు గానీ ఆ పిల్ల అన్నది నిజమే. చాలా క్యూబిట్లని కలిపి ఒక్క నమ్మకమైన క్యూబిట్‌గా వాడటం, 2024 చివర్లో గూగుల్ వాళ్లు 105 క్యూబిట్ల విల్లో చిప్ మీద క్యూబిట్లు పెంచుతున్న కొద్దీ తప్పులు తగ్గడం చూపించగలగడం, ఇవి ఎందుకంత పెద్ద వార్తలయ్యాయో తెలియాలంటే ముందు తప్పుల సంగతి తెలియాలి. కష్టం తెలియనివాళ్లకి గెలుపు ఎలా తెలుస్తుంది?

నేను ఇంత గట్టిగా అడగడానికి మన దగ్గర జరుగుతున్నది కూడా ఒక కారణం. అమరావతిలో క్వాంటమ్ వ్యాలీ అని, ఐబీఎం, టీసీఎస్ వాళ్లతో కలిసి 156 క్యూబిట్ల మెషీన్ పెడతామని 2025లో ప్రకటించినప్పటి నుంచి మన జిల్లాల్లో ఈ మాట తెలియని ఇల్లు లేదు. అది మంచిదే, నేను సంతోషపడ్డా. దేశం మొత్తానికి నేషనల్ క్వాంటమ్ మిషన్ అని 2023లో 6,003 కోట్లు పెట్టారు, ఎనిమిదేళ్లలో 50 నుంచి 1000 క్యూబిట్ల మెషీన్లు మన దగ్గరే తయారు కావాలని పెట్టుకున్నారు, అందులో నువ్వూ ఒక చెయ్యి వేస్తున్నావు. కానీ ఆ పేరు వాడుకుని మన టౌన్‌లో ఒక కోచింగ్ సెంటర్ వాళ్లు ఆరో తరగతి పిల్లలకి క్వాంటమ్ కోర్సు అని ఫ్లెక్సీలు కట్టారు. మా బడిలో చదివే ఒక పిల్లాడి తల్లి, మిషన్ కుట్టి సంపాదించిన డబ్బుతో అందులో చేర్పించాలా అని నన్నడిగింది. ఆమెకి నేను చెప్పింది నువ్వు ఓపెన్ డేలో పిల్లలకి చెప్పిందే: ఇంటర్‌లో వచ్చే మాత్రికలు, సంకీర్ణ సంఖ్యలు, సంభావ్యత, ఈ మూడూ గట్టిగా వస్తే పునాది పడ్డట్టే, దానికి విడిగా ఫీజు కట్టక్కర్లేదు, ఇప్పుడు లెక్కలు బాగా చేయించు చాలు. ఆమె ముఖం తేటపడింది. నీలాంటివాళ్లు నలుగురిలో నిలబడి ఈ మాట చెప్పకపోతే ఫ్లెక్సీలు కట్టేవాళ్లు చెప్పిందే నిజమైపోతుంది.

రైల్లో పిల్లలు ఇంకోటి అడిగారు, ఇందులో తెలుగువాళ్లు ఎవరన్నా ఉన్నారా టీచర్ అని. సూరి భగవంతం గారి గురించి చెప్పా. అప్పటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టి, కలకత్తాలో రామన్ గారి దగ్గర చేరి, ఇద్దరూ కలిసి 1931లో వెలుతురు రేణువైన ఫోటాన్‌కి స్పిన్ అనే క్వాంటమ్ గుణం ఉందని ప్రయోగంతో చూపించారు. తర్వాత ఆయనే బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కి 1957 నుంచి 1962 వరకు డైరెక్టర్‌గా చేశారు. క్వాంటమ్ అంటే నిన్న మొన్న ఎక్కడో అమెరికాలో పుట్టిందనుకుంటున్న పిల్లలకి ఇది తెలిసి ఎంత హుషారు వచ్చిందో. మీ హాల్లో 2025 నోబెల్ వచ్చిన క్లార్క్, డెవోరే, మార్టినిస్ ల ఫోటోలు పెట్టారు, కంటికి కనపడేంత సర్క్యూట్ కూడా క్వాంటమ్ నియమాల ప్రకారం నడుస్తుందని 1984, 85లలో వాళ్లు చేసిన ప్రయోగాల మీదే మీ చిప్పులు నిలబడ్డాయని రాశారు, బాగుంది. వాళ్ల పక్కన భగవంతం గారి ఫోటో, 1924లో వెలుతురు రేణువుల్ని లెక్కగట్టే కొత్త పద్ధతి చెప్పిన సత్యేంద్రనాథ్ బోస్ గారి ఫోటో కూడా పెట్టమని మీ వాళ్లకి చెప్పు.

చిన్న చిన్నవి ఇంకో రెండున్నాయి. బోర్డులన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి, అది సరే, అన్ని భాషల్లో రాయడం కుదరదు, కానీ స్టాళ్ల దగ్గర నిలబడ్డ మీరంతా ఏ ఏ భాషలు మాట్లాడతారో మీ బ్యాడ్జి మీద రాసుకుంటే మా పిల్లలు సిగ్గుపడకుండా అడుగుతారు. నువ్వు తెలుగులో మాట్లాడుతున్నావని తెలిసిన మరుక్షణం పక్క స్టాళ్ల నుంచి కూడా ఎంతమంది తెలుగువాళ్లు నీ చుట్టూ చేరారో చూశావు కదా. రెండోది, మధ్యాహ్నం దాటాక వాలంటీర్లు ఎవరూ ఏమీ తినలేదు, నువ్వయితే నేను బలవంతంగా పెట్టిన ఆ ఒక్క పులిహోర పొట్లం తప్ప సాయంత్రం వరకు నీళ్లు కూడా సరిగ్గా తాగలేదు. చిక్కిపోయావు నాయనా. వంతులేసుకోండి, ఒకరు తినొచ్చాక ఇంకొకరు. తెచ్చిన మలైకాజా డబ్బా ల్యాబ్‌లో అందరికీ పెట్టు, నీ గదిలో దాచుకోకు.

ఇక నాకు కావాల్సింది. ఒంటిపూట బడులు మొదలవుతున్నాయి. ఉగాదికి ఎటూ వస్తావు కాబట్టి ఒక రోజు ముందుగా బయలుదేరి, పొద్దున్న ఎనిమిదికల్లా మా బడికి రా, హెచ్ఎం గారితో మాట్లాడేశా, రెండు పీరియడ్లు ఇస్తామన్నారు. ఈసారి బెంగుళూరు రాలేకపోయిన పిల్లలే ఎక్కువమంది, వాళ్లలో ఆడపిల్లలు మరీ ఎక్కువ, ఇంట్లోవాళ్లు రాత్రి రైలు అంటే పంపలేదు. ప్రొజెక్టర్ మీద బొమ్మలు అక్కర్లేదు, కరెంటు ఎప్పుడుంటుందో తెలియదు, నల్లబల్ల చాలు. మీ గైడ్ గారిని అడిగి పాడైపోయిన పాత చిప్ ఏదన్నా ఒకటి ఇస్తారేమో చూడు, పిల్లలు చేత్తో పట్టుకుని చూస్తారు. 0.24 కెల్విన్ లెక్క నువ్వే బోర్డు మీద చేయించాలి, నేను ఇంకా వాళ్లకి చెప్పలేదు.

రైల్లో పిల్లలు ఒక నోట్సులో రాసుకున్న ప్రశ్నలు ఈ ఉత్తరంతో పాటు పంపుతున్నా. కొన్నిటికి నాకు జవాబు తెలుసు గానీ చెప్పలేదు, నీ నోటితో వినాలని ఉంచా. ఆ ఉలవపాడు పిల్ల రాసిన ప్రశ్న చివరి పేజీలో ఉంది: సరైన జవాబు ఏదో ముందే తెలియకుండా దాని తరంగాల్ని బలపరచడం ఎలా కుదురుతుంది అని. దానికి మాత్రం బాగా సిద్ధపడి రా, ఆ పిల్ల సగం సగం జవాబుకి ఒప్పుకోదు.

మీ నాన్న అడిగానన్నారు, అవ్వ కూడా. ఉత్తరం అందగానే ఫోన్ చెయ్యి.

మీ అమ్మ